కూనవరం ఊళ్ల మీద పరిశోధనకు 2011 జనగణన ఎంతవరకు పనికొస్తుంది?

శబరి గోదావరిలో కలిసే చోట ఉన్న కూనవరం మండలంలో కూలి వలసల మీద పరిశోధన చేస్తున్నాను. ఊరి స్థాయి లెక్కలకు నాకు దొరికిన గట్టి ఆధారం సెన్సస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే 2011 జనగణన. నమూనా సర్వేలు రాష్ట్రం దగ్గరో జిల్లా దగ్గరో ఆగిపోతాయి. ఇది ఊరి గడప దాకా వస్తుంది. ఆ ఒక్క గుణానికే దీన్ని నెత్తిన పెట్టుకోవచ్చు.

చాలామంది నేరుగా ప్రైమరీ సెన్సస్ ఆబ్‌స్ట్రాక్ట్ (ఊరివారీగా జనాభా, అక్షరాస్యత, పనివాళ్ల అంకెలిచ్చే పట్టిక) ఎక్సెల్ దింపుకుని పని మొదలుపెడతారు. నన్నడిగితే ముందు తెరవాల్సింది డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్, అంటే జిల్లాకొకటిగా వేసే జనగణన పుస్తకం. అందులో రెండో భాగం ఆబ్‌స్ట్రాక్టే. మొదటి భాగంలో ప్రతి ఊరికీ బడి, ఆసుపత్రి, తాగునీరు, బస్సు, సాగునీటి వివరాలుంటాయి. ఊళ్లో లేని సౌకర్యం ఎంత దూరంలో ఉందో ఎ, బి, సి అక్షరాలతో చెబుతారు: 5 కిలోమీటర్ల లోపు, 5 నుంచి 10, ఆపైన. ఏజెన్సీ ఊళ్లకు ఈ మూడో అక్షరంతో చిక్కే. ఆసుపత్రి పన్నెండు కిలోమీటర్లలో ఉన్నా, అరవైలో ఉన్నా అదే ‘సి’.

అసలు ఏ జిల్లా పుస్తకం తెరవాలన్నది మా ప్రాంతంలో పెద్ద ప్రశ్న. 1959 దాకా మా ఊళ్లున్న భద్రాచలం తాలూకా తూర్పు గోదావరిలో ఉండేది, తర్వాత ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలైన కూనవరం, చింతూరు మళ్లీ తూర్పు గోదావరికి వచ్చాయి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. కాబట్టి 2011 లెక్కకు ఖమ్మం పుస్తకం, 1951 లెక్కకు తూర్పు గోదావరి పుస్తకం. జిల్లా మొత్తాలను దశాబ్దం పక్కన దశాబ్దం పెట్టి పోల్చారంటే పరిశోధన పునాదిలోనే తప్పు పడుతుంది. ఊళ్లవారీగా కూడుకుంటూ రావడం తప్ప దారి లేదు. అది కూడా పేరుతో కాదు, 2011లో ప్రతి ఊరికీ ఇచ్చిన ఆరంకెల కోడుతో. ఇంగ్లిష్ అక్షరాల్లో మన ఊరి పేరు ఒక్కో పట్టికలో ఒక్కోలా ఉంటుంది. ఒకే పేరున్న ఊళ్లకూ కొదవ లేదు.

వలసల మీద పనిచేసేవాళ్లు అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది పనివాళ్ల కాలమ్‌లు. ఏడాదిలో ఆరు నెలలో అంతకన్నా ఎక్కువో పని చేసినవారు మెయిన్ వర్కర్లు, అంతకన్నా తక్కువ చేసినవారు మార్జినల్ వర్కర్లు. తునికాకు సేకరణ, మిరప కోత, వరి నాట్లు, ఇలా ముక్కలు ముక్కలుగా దొరికే పనులతో ఏడాది నెట్టుకొచ్చే కోయ మహిళ చాలాసార్లు ఈ రెండో కాలమ్‌లోకే వెళుతుంది. మెయిన్ వర్కర్లను మాత్రమే తీసుకుని ‘స్త్రీల శ్రమ భాగస్వామ్యం’ అని పట్టిక గీస్తే ఆమె కష్టం లెక్కలోంచే పోతుంది. రెండు కాలమ్‌లూ విడిగా చూపించండి, కలిపి కూడా చూపించండి.

ఇంకో సంగతి. 2011లో ఇంటింటికీ తిరిగి మనుషుల్ని లెక్కించింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. ఆ ఇరవై రోజులూ ఊళ్లో లేనివాళ్లను సొంత ఊళ్లో రాయరు, ఉన్న చోటే రాయాలి. మిరప కోతలకు జనం కదిలే రోజులవి. ఊరి జనాభా తగ్గినట్టు కనబడితే కారణాలు రాసేముందు ఈ నెలను గుర్తు చేసుకోవాలి. వలసల డి పట్టికలు ఉన్నాయిగా అంటారేమో, అవి ఊరివారీగా ప్రచురించినవి కావు.

అక్షరాస్యత శాతానికి ఊరి మొత్తం జనాభాతో భాగించకూడదు. ఏడేళ్లు నిండని (0-6 వయసు) పిల్లల్ని తీసేసి భాగించాలి. ఆ కాలమ్ పక్కనే ఉంటుంది.

లోటు కూడా చెప్పాలి. జనగణనలో ఊరంటే రెవెన్యూ గ్రామం. దాని కింద నాలుగు గూడేలుంటే నాలుగూ కలిసి ఒకే వరుస. రోడ్డు పక్కన గూడేనికీ కొండమీద గూడేనికీ ఉన్న తేడా అందులో దొరకదు. షెడ్యూల్డ్ తెగల వాళ్లు ఎందరో ఊరివారీగా తెలుస్తుంది గానీ, వారిలో కోయలెందరు, కొండరెడ్లెందరు అన్నది జిల్లా పట్టికలోనే. నా పనికి ఇది నిజంగా బాధపెట్టే ఖాళీ. ఇక్కడ పాదయాత్రే శరణ్యం.

పాత పుస్తకాల స్కాన్ ప్రతులు మాత్రం పెన్నిధి. 1961 జనగణనకు ఆంధ్రప్రదేశ్‌లో ఎ. చంద్రశేఖర్ సూపరింటెండెంట్‌గా ఉన్నప్పుడు తెచ్చిన గ్రామ సర్వే సంపుటాలు, జిల్లాలవారీ జాతరలు పండుగల సంపుటాలు చదివితే అంకెల వెనక ఊరు కనబడుతుంది. ముంపు ఊళ్ల మీద పనిచేసేవాళ్లు వీటిని తప్పక చూడాలి.

2011 తర్వాత రావాల్సిన జనగణన 2021లో జరగలేదు. కొత్తదానికి 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. అందుకే 2011 అంకెల్ని నేటి పరిస్థితిగా రాయకండి, ముంపు పనులు ముదరకముందు ఊళ్లు ఎలా ఉన్నాయో చెప్పే ఆధారంగా రాయండి. దానికి ఇంతకు మించిన సాక్ష్యం నాకు కనబడలేదు. ఈలోగా మీ ఊళ్ల 2011 కోడ్‌లు, పాత మండలం, పాత జిల్లా, మారిన జిల్లా అన్నీ ఒక ఎక్సెల్‌లో పక్కపక్కన ఎక్కించి ఉంచుకుంటే కొత్త పట్టికలు వచ్చిన రోజే పని మొదలుపెట్టొచ్చు.