బుల్లి పూరింటి కప్పుకి డోర్‌మ్యాట్: పెరటి పీచు కంటే కొన్నదే మేలు

కోనసీమలో ఉంటూ కొబ్బరి పీచు డబ్బు పెట్టి కొనడమేమిటంటారు గానీ, 28 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మలతో టేబుల్ మీద ఆడే యుద్ధం ఆటకి (వార్‌గేమ్) పూరిల్లు కట్టేటప్పుడు కొనుక్కోవడమే సుఖం. డొక్క నుంచి లాగిన పీచు వంకర్లు పోయి ఒక పట్టాన పడుకోదు. పైగా ఎంత దులిపినా పొట్టు మిగులుతుంది. ఫెవికాల్ ఆ పొట్టుకే అంటుకుని, చెయ్యి తగిలితే కప్పు రాలుతుంది.

కొబ్బరి డోర్‌మ్యాట్లలో నేసినవి వద్దు, వాటి పీచు పురి తిప్పి ఉంటుంది, విప్పినా మెలిక పోదు. పీవీసీ అడుగున్న వాటిలో పోగులు విడివిడిగా, నిటారుగా, ఒకే ఎత్తున ఉంటాయి. 15 మిల్లీమీటర్ల ఎత్తున్నది, అచ్చు వెయ్యనిది చూసుకోండి. 'వెల్‌కమ్' నలుపు మీద లేతరంగు నిలవదు.

ఇల్లు 12 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పయితే మ్యాట్‌లో రెండు అరచేతులంత ముక్క చాలు. కప్పు వాలు 45 నుంచి 50 డిగ్రీలు, చూరు చుట్టూ సెంటీమీటరు బయటికి. అంటే 50 డిగ్రీలకి ఒక్కో వాలుకి సుమారు 14 × 8 అట్టముక్క. అట్ట లోపలివైపు కూడా కాగితం అంటించండి. పైన ఒక్కవైపే జిగురు ఆరితే అట్ట విల్లులా వంగి గోడల మీద కూర్చోదు.

పోగుల్ని చిటికెడు చొప్పున మొదట్లో కత్తిరించి, ఆ మొదలు ఫెవికాల్‌లో ముంచి, చూరు నుంచి పైకి వరసలు పేర్చాలి. కొప్పు (రెండు వాలులూ కలిసే చోటు) నుంచి దిగితే ప్రతి వరస మొదళ్లూ బయటపడి అసహ్యంగా ఉంటాయి. చూరు దగ్గర మొదటి వరస రెట్టింపు మందం. వరసకి 10 మిల్లీమీటర్లు పైకి జరిపితే ఒక్కో వాలుకి ఎనిమిది వరసలొస్తాయి. ముసురు రోజుల్లో జిగురు తొందరగా ఆరదు, రెండు మూడు వరసలేసి రాత్రంతా వదిలెయ్యండి. తడి మీదే పేర్చుకుంటూ పోతే కింది వరసలు జారతాయి.

మ్యాట్ చేతులెత్తేసేది కొప్పు దగ్గర. పొట్టి పోగు వంగదు, వంచినా లేస్తుంది. అక్కడ గోనెసంచి పోగులు మూడేసి సెంటీమీటర్లు కత్తిరించి, రెండు వాలుల మీదికీ వేసి, దారంతో కట్టాలి.

పీచు ఎర్రబారిన గోధుమరంగు. పాత కప్పులా కనబడాలంటే పల్చటి నల్లగోధుమ రంగునీళ్లు పట్టించి, ఆరాక పొడి బ్రష్‌తో బూడిదరంగు రాయాలి. గోడలు ఫోమ్‌వైతే స్ప్రే రంగు దగ్గరికి రానివ్వొద్దు, అంచులు కరిగిపోతాయి. ముందు ఫెవికాల్ పూత వేసి బ్రష్‌తోనే రంగెయ్యడం మంచిది. కప్పుని గోడలకి అంటించకండి, ఆటలో బొమ్మలు లోపలికి వెళ్లాలి కదా.

28 మిల్లీమీటర్ల బొమ్మల ఇళ్లకైతే ఈ మ్యాట్‌కి ఐదులో నాలుగు ఇస్తాను. 15 మిల్లీమీటర్ల బొమ్మల ఇంటి మీద మాత్రం ఇదే పీచు వెదురుబద్దల్లా కనిపిస్తుంది. దానికి పాత టర్కీ తువ్వాలు ఫెవికాల్ నీళ్లలో ముంచి పరిచి, దువ్వెనతో కిందికి గీస్తే సరి.