కొండ దిగి వచ్చింది హికారు కాదని తెలిశాక

మండు వేసవి మధ్యాహ్నం. ఊళ్ళో కొట్టు ముందు ఇద్దరు కుర్రాళ్ళు కూర్చుని ఐస్ తింటున్నారు. చిన్నప్పటి నుంచి ఒకే ఊళ్ళో కలిసి పెరిగినవాళ్ళు. మాటల మధ్యలో యోషికి తన స్నేహితుణ్ణి అడుగుతాడు, నువ్వు హికారువి కాదు కదా అని. ఆ ప్రశ్నకి హికారు ముఖం ఒక పక్క కరిగిపోయి, లోపల ఉన్నదేదో సుడులు తిరుగుతూ బయటికి పొంగుతుంది. అది యోషికిని గట్టిగా పట్టుకుని ఏడుస్తుంది. ఎవరికీ చెప్పొద్దని బతిమాలుతుంది. నిన్ను చంపడం నాకు ఇష్టం లేదంటుంది.

'ద సమ్మర్ హికారు డైడ్' అనే మాంగా, అంటే జపనీస్ బొమ్మల కథ, మొదటి అధ్యాయం ఇలా మొదలవుతుంది. మామూలుగా ఇలాంటి కథల్లో ఈ రహస్యం బయటపడడానికి సగం పుస్తకం పడుతుంది. ఇక్కడ రచయిత దాన్ని మొదట్లోనే మన చేతిలో పెట్టేశారు. హికారు ఆరు నెలల కింద కొండ మీద తప్పిపోయాడు, వారం తర్వాత తిరిగొచ్చాడు. వచ్చింది అతను కాదు. యోషికి దాని మొహం మీదే అడిగేశాడు కూడా. అయినా యోషికి దాన్ని వదులుకోడు. అసలైన హికారు ఎలాగూ లేడు, కనీసం ఇదైనా పక్కన ఉండనీ అనుకుంటాడు. ఆ నిర్ణయం దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. అలా ఎందుకు కూర్చున్నానో తర్వాత చెప్తాను.

దీన్ని రాసి గీసిన వ్యక్తి మొకుమొకురెన్ అనే కలం పేరుతో ఉన్నారు. సీరియల్‌గా వచ్చిన మొదటి రచన ఇదే. 2021 ఆగస్టులో కదొకావా సంస్థ వెబ్ పత్రిక 'యంగ్ ఏస్ అప్'లో మొదలైంది. జపాన్‌లో ఏటా వచ్చే 'కొనో మాంగా గా సుగోయి' అనే మంచి మాంగాల ఎంపికల్లో 2023కి మగ పాఠకుల జాబితాలో మొదటి స్థానం దీనిదే. అదే ఏడాది యెన్ ప్రెస్ ఇంగ్లీషు అనువాదం మొదలుపెట్టింది. నేను చదివింది ఆ అనువాదమే. మాంగా మీకు కొత్త అయితే ఒక్క మాట: పుస్తకం కుడి నుంచి ఎడమకి చదవాలి. నాలుగైదు పేజీలు తికమకగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

కథ జరిగేది కుబితాచి అనే కల్పిత గ్రామంలో. మియె రాష్ట్రం వైపు పల్లెల్ని మనసులో పెట్టుకుని గీసినది. చుట్టూ అడవి కప్పిన కొండలు, మధ్యలో పొలాలు, వయసు మళ్ళినవాళ్ళే ఎక్కువగా మిగిలిన ఇళ్ళు. నాది పాలకొండ దగ్గర చిన్న ఊరు. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు నేను నెట్ సెంటర్ నుంచి సైకిల్ మీద ఇంటికి చేరేలోపే నా మార్కులు మా వీధి అరుగు మీదకి చేరిపోయాయి. కుబితాచి కూడా అలాంటి ఊరే. ఎవరింట్లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. యోషికి అమ్మానాన్నల గొడవలు, బడికి వెళ్ళని అతని చెల్లెలు కావొరు, అన్నీ ఊరి నోళ్ళలో నానుతుంటాయి. అసలు మాట్లాడాల్సిన ఒక్క విషయం మాత్రం ఎవరూ పైకి అనరు. పెద్దవాళ్ళు గదుల్లో కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడుకునే పేజీలు ఉన్నాయి. నాకు రక్తం ఉన్న పేజీల కంటే అవే ఎక్కువ టెన్షన్ పెట్టాయి. మా వెనక కొండ మీదకి ఒంటరిగా వెళ్ళొద్దని మా నాయనమ్మ చెప్పేది. ఎందుకని అడిగితే పని చూసుకోమనేది. ఇక్కడా అంతే. కొండ మీద 'నోనుకి సామ' అనేదొకటి ఉందని ముసలివాళ్ళకి తెలుసు. అది కిందికి దిగిందని కేకలు పెట్టిన ముసలామె మర్నాటికి లేదు. ఆమె ఎలా పోయిందో ఇక్కడ రాయను.

ఈ పుస్తకంలో అన్నిటికంటే గొప్ప సంగతి శబ్దం. బొమ్మల పుస్తకంలో శబ్దం ఏమిటి అనుకోవచ్చు. మన వైపు రాత్రిళ్ళు కీచురాళ్ళు అరిచినట్టు, జపాన్‌లో వేసవి పగళ్ళు చెట్ల మీద 'సెమి' అనే పురుగులు హోరెత్తిస్తాయి. మొకుమొకురెన్ ఆ హోరుని పెద్ద పెద్ద జపనీస్ అక్షరాలుగా గీసి పేజీ మీద పరిచేశారు. కొన్ని చోట్ల అక్షరాలు మనుషుల్ని కప్పేస్తాయి, చెట్లలో కలిసిపోతాయి. నాకు ఒక్క జపనీస్ అక్షరం రాదు. అయినా చెవుల్లో మోత వినిపించింది. తర్వాత పేజీ తిప్పితే ఒక్క అక్షరం ఉండదు. అంతా తెలుపు. ఆ నిశ్శబ్దానికి నా వీపు మీద చెమట పట్టింది. నేను ల్యాబ్‌లో నైట్ డ్యూటీలో చదువుతున్నాను, పక్కన శాంపిల్ ఫ్రిజ్ మోత అదే సమయానికి ఆగింది. అది ప్రతి ఇరవై నిమిషాలకీ ఆగుతుందని తెలుసు. అయినా లేచి వెళ్ళి లైట్లన్నీ వేశాను.

ముట్టుకున్న అనుభవాన్ని గీయడంలో కూడా ఈ రచయితకి సాటి నేను చూడలేదు. ఒక చోట హికారు తన ఛాతీ తెరిచి చూపిస్తాడు, యోషికి చెయ్యి లోపలికి పెడతాడు. పచ్చి కోడిమాంసం ముట్టుకున్నట్టు ఉంటుంది అతనికి. చల్లగా, జారుతూ, కదులుతూ. ఆ సన్నివేశంలో భయం, అసహ్యం, దగ్గరితనం మూడూ కలిసే ఉంటాయి. ఏది ఎక్కడ మొదలైందో చెప్పలేం.

ఈ చోటే పాఠకులు రెండుగా విడిపోతారు. నా పుస్తకాలు నా చేతుల మీదుగా ఇప్పటికి ఐదుగురు చదివారు. నాతో పనిచేసే ఒక అక్క, ఇది ప్రేమకథరా, దెయ్యం కథ అని చెప్పి ఇచ్చావేమిటి అంది. పీజీ హాస్టల్‌లో ఉండే మా పిన్ని కూతురు కూడా ఆ మాటే అంది, పైగా రాత్రంతా కూర్చుని మూడు భాగాలు పూర్తి చేసింది. నా రూమ్మేట్ మొదటి భాగం సగంలో ఆపేశాడు. ఏమీ జరగట్లేదు, ఇద్దరూ అలా తిరుగుతూనే ఉన్నారు అన్నాడు. తలుపు చాటు నుంచి ఎవరో దూకి భయపెట్టాలని చూసేవాళ్ళకి అలాగే అనిపిస్తుంది, వాడి మాట కొట్టిపారేయను. అక్క మాటలో కూడా నిజం ఉంది. యోషికికి హికారు మీద ఉన్నది స్నేహం అనే ఒక్క మాటలో ఇమడదు. ఆ ఊళ్ళో తను అందరిలా లేనని అతనికి తెలుసు, బయటికి చెప్పుకోలేడు. రచయిత దానికి పేరు పెట్టకుండా వదిలేశారు. నాకైతే అదే నచ్చింది. అలాంటి ఊళ్ళో ఆ కుర్రాడు తనకి తాను కూడా ఆ పేరు చెప్పుకోడు.

నాకు మాత్రం ఇది చావు తర్వాతి కథ. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా నా స్నేహితుడు ఒకడు నాగావళిలో పోయాడు. అది జరిగిన రెండు నెలలకి ఊరెళ్తే, బస్టాండు దగ్గర వాడి నీలం గళ్ళ చొక్కా నడుచుకుంటూ వెళ్తోంది. వెనక నుంచి పేరు పెట్టి పిలిచాను. తిరిగింది వాడి తమ్ముడు. అన్న చొక్కా వేసుకున్నాడు. పిలిచిన ఆ రెండు క్షణాల్లో, ఎవరు తిరిగినా సరే, ఏదైనా సరే, ఆ మొహం ఉంటే చాలనుకున్నాను. యోషికి తీసుకున్న నిర్ణయం ఆ రెండు క్షణాలే, ఒక వేసవంతా సాగదీసినట్టు. తప్పని అతనికి తెలుసు. పక్కనున్నది మనుషుల్ని చంపగలదనీ తెలుసు. అందుకే పుస్తకం మూసి కూర్చున్నాను.

జపాన్‌లో దెయ్యం కథలు వేసవిలో చెప్పుకుంటారు. ఆగస్టు నడిమిలో ఎక్కువ చోట్ల ఓబోన్ చేస్తారు, చనిపోయినవాళ్ళు ఇంటికి వచ్చి వెళ్తారని వాళ్ళ నమ్మకం. మనం మహాలయ పక్షాల్లో పెద్దలకి పెట్టుకుంటాం కదా, అలాంటిదే. పోయినవాళ్ళు రావాలి, మర్యాదగా తిరిగి వెళ్ళాలి. ఇక్కడ వచ్చింది వెళ్ళదు. అది మనిషిగా బతకడం ఇదే మొదటిసారి, ఐస్ రుచి, బడి, స్నేహితులు అన్నీ దానికి కొత్త. ఆ అమాయకత్వం చూసి జాలేస్తుంది. జాలి పడుతున్నందుకు భయమేస్తుంది.

పెద్దవాళ్ళ పాత్రల్లో కురెబయాషి అనే గృహిణిని మర్చిపోలేను. సూపర్ మార్కెట్‌లో యోషికిని చూడగానే ఆమెకి విషయం తెలిసిపోతుంది. దానితో కలిసి తిరిగితే నువ్వు కూడా అందులో కలిసిపోతావని హెచ్చరిస్తుంది. మంత్రాలు లేవు, పెద్ద బొట్టు లేదు, కూరగాయలు కొనుక్కునే మామూలు మనిషి. ఆమెకి ఆ సంగతి ఎలా తెలుసో చెప్పే చోట ఇంకో ఇంటి దుఃఖం బయటపడుతుంది. ఆ అధ్యాయం ఈ మాంగా మొత్తానికీ గుండెకాయ అని నా అభిప్రాయం. అలాగే ఆసకో అనే క్లాస్‌మేట్. ఇలాంటి కథల్లో ఆడపిల్లని కేకలు వేయడానికే పెడతారు. ఆసకో చెవులు పదునైనవి, ధైర్యం అంతకంటే ఎక్కువ.

లోపాలు లేవనను. ఊరి పాత కథ బయటికి లాగడానికి తనకా అనే మనిషి బయటి నుంచి వస్తాడు. నల్ల కళ్ళద్దాలు, చేతిలో పంజరంలో ఒక చిట్టెలుక. అతను వచ్చిన ప్రతిసారీ మిస్టరీ ముందుకు కదులుతుంది, కానీ ఆ ఇద్దరు కుర్రాళ్ళ దగ్గరున్న ఊపిరాడని ఒత్తిడి పలచబడుతుంది. మధ్య భాగాల్లో ఊరి చరిత్ర, పాత కుటుంబాలు, చుట్టుపక్కల పల్లెల పేర్లు ఒకేసారి మీద పడతాయి. నేను ఒక చీటీ మీద రాసుకుని చదివాను. మిస్టరీ ఇష్టపడేవాళ్ళకి ఇదే పండగ కావచ్చు. నేను ఆ పేజీలు దాటి మళ్ళీ యోషికి దగ్గరికి వెళ్ళాలని తొందరపడ్డాను.

ఇంకొక బాధ అనువాదం వల్ల కాదు, అనువాదం అన్నాక తప్పనిది. మూలంలో ఈ పిల్లలు మియె వైపు యాసలో మాట్లాడతారు. ఇంగ్లీషులో ఆ మట్టి వాసన నాకు అందలేదు. 2025 జూలైలో సైగేమ్స్ పిక్చర్స్ వాళ్ళ అనిమే, అంటే ఈ కథకి జపనీస్ యానిమేషన్ సిరీస్, నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాక, ఆ యాసని చెవులారా విన్నాను. యోషికికి చియాకి కొబయాషి, హికారుకి షుయిచిరో ఉమెదా గొంతులు. భాష తెలియకపోయినా పల్లె సాగదీత తెలుస్తుంది. హైదరాబాద్ వచ్చిన కొత్తలో 'ఏటి' అన్నందుకు క్లాసంతా నవ్వింది, ఆ తర్వాత కొన్నేళ్ళు నేను ఆ మాట మింగేసి మాట్లాడాను. అందుకే ఈ మాంగా తెలుగులో వస్తే శ్రీకాకుళం యాసలో రావాలని నాకు గట్టి కోరిక. యోషికి 'ఏట్రా గుంటడా' అని పిలవాలి. వాళ్ళు పుస్తకాల భాషలో మాట్లాడితే ఆ ఊరు ఊరులా ఉండదు.

అనిమే పన్నెండు భాగాలు. బాగా తీశారు. అయినా ముందు పుస్తకమే చదవండి. అనిమేలో నిశ్శబ్దం ఎంతసేపు ఉండాలో వాళ్ళు నిర్ణయిస్తారు, పుస్తకంలో ఆ పేజీ తిప్పే ధైర్యం మీరు తెచ్చుకోవాలి. పదిహేనేళ్ళలోపు పిల్లలకి ఇవ్వొద్దు. శరీరాలకి జరిగేవి మరీ దగ్గరగా చూపిస్తారు, తమని తాము గాయపరచుకునే సన్నివేశాలూ ఉన్నాయి. ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా పోయి ఉంటే కొన్నాళ్ళు ఆగి చదవడం మంచిది.

ఒక్కో భాగం చవక కాదు. నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. రెండో భాగం మూలలు నలిగి, వెనక అట్ట చిరిగి వచ్చింది. పలచని కవర్లో పడేసి పంపారు. మార్చి ఇవ్వడానికి పన్నెండు రోజులు పట్టింది. పుస్తకాల షాపులో దొరికితే చేత్తో చూసి కొనుక్కోండి. ఇందులో సగం పని ముదురు నల్లని సిరా చేస్తుంది, అచ్చు సరిగ్గా ఉందో లేదో చూడాలి. కాస్త చూపు తగ్గినవాళ్ళకి అక్షరాలు చిన్నవిగా అనిపిస్తాయి.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మొదటి భాగం నా స్నేహితుడి తమ్ముడికి ఇచ్చాను. ఇవ్వాలా వద్దా అని బస్సులో రాత్రంతా ఆలోచించాను. ఇప్పుడు వాడు మా ఊరి దగ్గరే ఎరువుల షాపులో పనిచేస్తున్నాడు. ఇంగ్లీషు నెమ్మదిగా కూడబలుక్కుని చదువుతాడు. కనుమ రోజు పొద్దున్నే పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కథ ఎలా ఉందో చెప్పలేదు, నేనూ అడగలేదు. అరుగు మీద కూర్చుని టీ తాగి, లేచే ముందు పుస్తకం నా చేతికిస్తూ అన్నాడు, "రెండోది తెచ్చినావేటి అన్నా?"