మీటర్ రీడింగ్‌కు రెండంగుళాల బ్లూటూత్ థర్మల్ ప్రింటర్: పనికొస్తుందా?

నడుముకు తగిలించుకుని ఇంటింటికీ తిరిగే మీటర్ రీడర్‌కు ఈ రకం ప్రింటర్ సరిపోతుంది, రోల్ విషయంలో జాగ్రత్తపడితే. కాగితం వెడల్పు 57 లేదా 58 మి.మీ., అచ్చు పడేది మాత్రం 48 మి.మీ. మేరకే. మిల్లీమీటరుకు 8 చుక్కలు, అంటే వరుసకు 384. బిల్లులో అంకెలకు అది చాలు. క్యూఆర్ కోడ్‌ను మరీ చిన్నగా పెడితేనే ఫోన్ చదవక మొరాయిస్తుంది.

తెల్ల కాగితమే బయటికొస్తోందా? రోల్ తిరగేసి పెట్టారన్నమాట. వేడి తగిలితే నల్లబడే రసాయన పూత కాగితానికి సాధారణంగా ఒకవైపే ఉంటుంది. గోటితో గట్టిగా గీస్తే నల్లగీత పడే వైపు హెడ్‌కు, అంటే వేడితో అచ్చు వేసే భాగానికి, తగలాలి. బిల్లు పొడవునా సన్నటి తెల్లగీత వస్తే హెడ్ మీద మురికి పట్టినట్టు. ప్రింటర్ ఆపి, చల్లారాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడవండి. అప్పటికీ గీత అక్కడే ఉంటే హెడ్‌లో అక్కడ చుక్క వేసే భాగం చెడిపోయినట్టే, హెడ్ మార్చాలి. మొత్తం మసకగా పడితే ముందు బ్యాటరీ ఛార్జింగ్ చూడండి.

అసలు లోపం కాగితానిది. వేడెక్కిన బండి డిక్కీలో వదిలేసిన రోల్ నల్లబడుతుంది. చేతికిచ్చిన బిల్లేమో కొన్నాళ్లకు వెలిసిపోతుంది. దాచుకోవాల్సిన బిల్లైతే ఫొటో తీసి పెట్టుకోమని వినియోగదారుడికి చెప్పండి.