పసుపా, బిళ్ళగన్నేరా? క్యాన్సర్ మాటకొస్తే ఏది మేలు?

వరంగల్‌లో ఒకరింట్లో క్యాన్సర్ అని తెలిస్తే చాలు, పలకరించడానికి వచ్చినవాళ్ళంతా ఏదో ఒక ఆకు పేరు చెప్పి పోతారు. ఎక్కువగా వినబడేవి రెండు: పాలల్లో పసుపు, పరగడుపున బిళ్ళగన్నేరు ఆకు రసం.

యాంటీఆక్సిడెంట్ (ఒంట్లో కణాలను దెబ్బతీసే చురుకైన అణువులను అణిచే పదార్థం) లెక్కన పసుపుకు మంచి పేరే ఉంది. ఆ బలాన్ని కొలవడానికి ఫార్మసీ కాలేజీ ల్యాబుల్లో చేసే డీపీపీహెచ్ పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. ముదురు ఊదా ద్రావణంలో మొక్క సారం కలిపితే ఊదా విరిగి లేత పసుపు రంగుకు దిగుతుంది. ఎంత తక్కువ సారంతో దిగితే అంత బలం ఉన్నట్టు. కానీ అది గాజు గొట్టంలో సంగతి. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే కొమ్మైనా, నిజామాబాద్ పసుపైనా పొడిలో అసలు పదార్థమైన కర్క్యుమిన్ ఉండేది నూటికి కొద్ది పాళ్ళే. అదీ నీళ్ళలో సరిగా కరగదు, ఒంటికి పట్టదు. మిరియాల్లోని పైపరిన్ తోడైతే రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. సరే, చేరింది. దాంతో క్యాన్సర్ నయమవుతుందని మాత్రం మనుషుల మీద ఇంతవరకు రుజువు కాలేదు.

బిళ్ళగన్నేరు సంగతి వేరు. 1950లలో కెనడాలో షుగర్ మందు కోసం ఈ ఆకును పరీక్షిస్తుంటే ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. అలా బయటపడ్డదే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు. తర్వాత దొరికిన విన్‌క్రిస్టిన్‌ను పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు ఇప్పటికీ వాడుతున్నారు. ఇది యాంటీఆక్సిడెంట్‌గా పనిచేసే మందు కానే కాదు. కణం రెండుగా చీలడానికి కావలసిన సన్నని పోగులు కట్టకుండా అడ్డుపడుతుంది, అంతే. ఒక గ్రాము మందుకు వందల కిలోల ఆకు కావాలి. నరంలోకి, కొలత ప్రకారమే ఎక్కిస్తారు. అయినా చేతులు కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. మరి పెరట్లో దంచిన రసానికి కొలత ఎవరు చూస్తారు?

మందుగా అయితే బిళ్ళగన్నేరే మేలంటాను, ఆస్పత్రి ఇంజెక్షన్ రూపంలో ఉన్నంతవరకే. ఇంట్లో పసుపే, అదీ కూరలో వేసుకునేంత. మునగాకు, ఉసిరి కూడా ఇంతే, ఇష్టంగా తినండి.

యాంటీఆక్సిడెంట్ ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకునేవాళ్ళకు ఒక మాట. ఫిన్లాండ్‌లో పొగతాగేవాళ్ళకు బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ మాత్రలిచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లో తేలింది. మిరియాలు కలిపిన పసుపు క్యాప్సూళ్ళతో లివర్ దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. కీమో నడుస్తుంటే ఆ డబ్బా తీసుకెళ్ళి డాక్టరుకు చూపించాకే మింగండి.