పునర్వసు కార్తెలో ఆగుంబె

కర్ణాటకలోని ఆగుంబెలో మేం మొదటిసారి ఆగింది 15 నిమిషాలు. శృంగేరిలో శారదమ్మను చూసుకుని ఉడిపి కృష్ణుడి దగ్గరికి పోయే మన తెలుగువాళ్లలో చాలామంది ఆ ఊరి మీదుగానే పోతారు. డ్రైవరు సూర్యాస్తమయం చూసే చోట బండి ఆపుతాడు. అందరూ దిగి ఫోటోలు తీసుకుంటారు, తర్వాత 14 మలుపుల ఘాట్ దిగిపోతారు. అప్పుడు జనవరి. ఆకాశం తేటగా ఉంది, పడమర అంచున అరేబియా సముద్రం సన్నటి గీతలా మెరిసింది. అమ్మ మాత్రం సముద్రం వైపు చూడలేదు. రోడ్డు పక్క ఇళ్ల గోడల మీద నడుమెత్తు దాకా పట్టిన నల్లటి నాచు మరకలు చూసి, "ఈడికి వానల్లో రావాల" అంది.

మాది కర్నూలు. ఏడాదంతా కలిపినా 700 మిల్లీమీటర్లు పడని ఊరు. ఆగుంబెలో సగటున ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా పడుతుంది. మాకు పదేళ్లలో పడే వాన వాళ్లకు ఒక్క ఏడాదిలో, అదీ ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది. 1946 ఆగస్టు ఒక్క నెలలోనే 4,500 మిల్లీమీటర్లు దాటిందట. ఊరు సుమారు 650 మీటర్ల ఎత్తున సరిగ్గా కొండ అంచు మీద ఉంది. సముద్రం మీద నుంచి వచ్చే నైరుతి గాలికి అడ్డం తగిలే మొదటి గోడ అదే. గాలి పైకెక్కుతుంది, చల్లబడుతుంది, మోసుకొచ్చిన నీళ్లన్నీ అక్కడ దింపేస్తుంది. ఆ అంచుకు పడమర పడిన వాన సీతానదిలో చేరి అరేబియా సముద్రానికి పోతుంది. తూర్పున పడింది వాగుల్లో పారి తుంగలో కలుస్తుంది. తుంగ భద్రతో కలిసి మా ఊరికి వస్తుంది. నేను చిన్నప్పటి నుంచి తాగిన నీళ్లు మొదట ఏ చెట్ల మీద పడతాయో చూడాలని నాకు గట్టిగా అనిపించింది.

అందుకని జూలైలో పోయాం, నేనూ మా ఆయనా. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆ తడిలో తీసుకెళ్లడానికి ధైర్యం చాలలేదు. మొత్తం 12 రోజులు ఉన్నాం. కర్నూలు నుంచి బెంగళూరుకు రైలు, అక్కడి నుంచి శివమొగ్గకు మరో రైలు, ఆపైన తీర్థహళ్లి మీదుగా బస్సు. తీర్థహళ్లి దాటాక కిటికీ అద్దం దించాల్సి వచ్చింది, ఆ తర్వాత ఊరొచ్చేదాకా బయట ఏమీ కనిపించలేదు. ఉడిపి వైపు నుంచి వచ్చేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ ఘాట్‌లో పెద్ద బస్సులు తిరగవు, చిన్న బస్సులే ఉంటాయి. గట్టి వానలకు కొండచరియలు విరిగిపడితే ఆ దారి కూడా ఆపేస్తారు. తిరుగు రైలు టికెట్టుకు ముందు ఒక రోజు ఖాళీగా పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

మొదటి రెండు రాత్రులు బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో ఉన్నాం. రోజుకు 900. ఎక్కడికి పోవాలన్నా బస్సు అక్కడే దొరుకుతుంది, కింద మెస్‌లో వేడివేడి నీరుదోసె ఉంటుంది. కానీ దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి, గోడకు ఆనించిన బ్యాగు రెండో రోజుకే బూజు వాసన పట్టింది. ఒక్క రాత్రి ఆగి పోయేవాళ్లకు చాలు, అంతకు మించి వద్దు.

మూడో రోజు ఊరి బయట ఒక రిసార్టుకు మారాం, రోజుకు 6,500. గది బాగుంది, వేడినీళ్లు ఎప్పుడూ ఉన్నాయి. నాకు నచ్చనిది సాయంత్రం జరిగింది. అక్కడి గైడు రాత్రి నడకకు తీసుకెళ్తానని చెప్పి, చెట్ల కొమ్మల మీది కప్పలను చేత్తో పట్టి మా అరచేతుల్లో పెట్టబోయాడు. ఇంకా ఎక్కువ డబ్బిస్తే కాళింగ సర్పాన్ని దగ్గర నుంచి ఫోటో తీయిస్తానన్నాడు. మాకు ఒళ్లు మండింది, సగంలోనే వెనక్కి వచ్చేశాం. కాళింగం అంటే రాచనాగు, ఆగుంబె అడవికి గుర్తే అది. ఆకులు పోగుచేసి గూడు కట్టి గుడ్లు పెట్టే పాము లోకంలో ఇదొక్కటే. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 2005లో అక్కడ పరిశోధన కేంద్రం పెట్టింది ఈ పాము కోసమే. పడమటి కనుమల రాచనాగు వేరే జాతి అని 2024లో శాస్త్రవేత్తలు తేల్చి, దానికి కాళింగ అనే కన్నడ పేరునే ఖాయం చేశారు. ఊళ్లో ఎవరింట్లోకైనా వస్తే చంపరు, దండం పెట్టి దూరంగా నిలబడి పట్టేవాళ్లను పిలుస్తారు. అలాంటి జీవిని డబ్బుకు చూపిస్తానన్నవాడికి మీరు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. పరిశోధన కేంద్రాన్ని కూడా జూలా చూడటానికి పోకండి, అక్కడ పని చేసుకునేవాళ్లు ఉంటారు.

మిగతా తొమ్మిది రాత్రులు ఊరికి దూరంగా ఒక వక్కతోట ఇంట్లో ఉన్నాం. మనిషికి రోజుకు 1,500, మూడు పూటల భోజనంతో. ఇల్లు మన మండువా లోగిలి లాంటిదే, వాళ్లు తొట్టి మనె అంటారు. నాలుగు వైపుల పెంకుల మీద నుంచి జారిన నీళ్లు నడిమి తొట్టిలో పడి, కాలువలో తోటకు పోతాయి. పోయిన మొదటి సాయంత్రం నేను ఆ తొట్టి పక్కనే కూర్చుని కదల్లేదు. ఇంటమ్మ వచ్చి, "మళె నోడోకె బంద్రా?" అని అడిగింది. వాన చూడటానికి వచ్చారా అని. అవునంటే ఆమెకు నమ్మకం కలగలేదు. మా ఊళ్లో వాన కోసం కప్పలకు పెళ్లి చేస్తారని చెప్పాను. చాలాసేపు నా ముఖం చూసింది.

ఆ ఇంటికి అలవాటు పడటానికి మూడు రోజులు పట్టింది. ఉతికిన బట్ట ఎండలో ఆరడం అనేది ఉండదు, పొయ్యి పైన కట్టిన దండెం మీద పొగకు ఆరుతుంది. నీళ్ల కాగు కింద కట్టెలు రోజంతా రగులుతూనే ఉంటాయి, స్నానం ఎప్పుడంటే అప్పుడు. ఉప్పు జాడీలో నీరుగారుతుంది, అగ్గిపెట్టెను పొయ్యి గూట్లో దాస్తారు. ఒకసారి పోయిన కరెంటు మూడు రోజులు రాలేదు. ఫోను సిగ్నల్ కోసం తోట దాటి రోడ్డు మలుపు దాకా నడవాలి. ఆఫీసు పని చేసుకుంటూ ఉందామనుకునేవాళ్లు ఈ నెలలో రావద్దు, నిజంగా ఇబ్బంది పడతారు. చిన్న పిల్లలున్నా ఆలోచించుకోవాలి, పెద్దాసుపత్రి కావాలంటే ఘాట్ దిగి మణిపాల్ దాకా పోవాలి.

తిండి సంగతికొస్తే, పొద్దున కడుబు లేదా అక్కిరొట్టి, మధ్యాహ్నం ఎర్రన్నం, మిడిమామిడి ఊరగాయ. చేమాకులకు పిండి పూసి చుట్టలు చుట్టి ఆవిరి మీద ఉడికించే పత్రొడె నేను మళ్లీ మళ్లీ అడిగి చేయించుకున్నాను. వెదురు మొలకల కూర వానాకాలంలోనే దొరుకుతుంది. కారం మాత్రం మన సీమవాళ్లకు చాలదు. మా ఆయన మూడో రోజు నుంచి పక్కన పచ్చిమిరపకాయ పెట్టించుకున్నాడు. సాయంత్రం ధనియాలు, జీలకర్ర, మిరియాలు వేసి కాచిన కషాయం తాగితే ఆ చలికి ప్రాణం లేచొచ్చినట్టు ఉండేది.

జలగల గురించి అందరూ అడుగుతారు. ఉంటాయి, చాలా ఉంటాయి. వాళ్లు ఉంబళ అంటారు. మన చెరువు జలగల్లా కాదు, ఇవి నేల మీద, తడి ఆకుల మీద ఉంటాయి. నొప్పి తెలియదు, సాక్సు ఎర్రబడితే తెలుస్తుంది. లాగి పీకకూడదు, గోరుతో పక్కకు తోస్తే వదులుతుంది. అది వదిలాక కూడా రక్తం కొంతసేపు కారుతుంది, రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం దాని లాలాజలంలో ఉంటుంది కాబట్టి. మేం నశ్యం, ఉప్పు కలిపి గుడ్డలో కట్టి చీలమండలకు రుద్దుకున్నాం, చాలావరకు పనిచేసింది.

చూడాల్సిన చోట్ల కోసం జూలైలో వస్తే నిరాశ పడతారు. సూర్యాస్తమయం చూసే చోట తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. బర్కణ, ఒనకె అబ్బి జలపాతాలకు అటవీ శాఖ అనుమతి లేనిదే పోకూడదు, గట్టి వానల్లో చాలాసార్లు మూసే ఉంటాయి. ఆ రాళ్ల మీది పాకుడు చూస్తే మూయడమే మంచిదనిపించింది. ఊళ్లో దొడ్డమనె అనే నూరేళ్లకు పైబడిన ఇల్లు ఉంది, శంకర్ నాగ్ "మాల్గుడి డేస్" సీరియల్ తీసింది అక్కడే. ఆ స్తంభాలు, ఆ చీకటి వసారాలు చూడటానికి ఒక పూట చాలు.

కుందాద్రి మాత్రం తప్పకుండా పోవాలి. ఊరికి సుమారు 20 కిలోమీటర్లు, కొండ మీద దాకా రోడ్డుంది. పైన పార్శ్వనాథుడి బసది, అంటే జైనుల గుడి, బండలో నీటి కోనేళ్లు ఉన్నాయి. కుందకుందాచార్యుడు తపస్సు చేసిన కొండ అని జైనుల నమ్మకం. ఆయన పుట్టింది మన అనంతపురం జిల్లా గుంతకల్లు దగ్గరి కొనకొండ్ల అని చెబుతారు. ఆ ఎండిన రాతి గుట్టల నుంచి ఈ మబ్బుల్లోకి నడిచొచ్చిన మనిషిని తలుచుకుంటూ బసది అరుగు మీద కూర్చుంటే వాన పక్క నుంచి కాదు, కింద నుంచి పైకి కొట్టింది. గొడుగు తిరగబడిపోయింది.

నేను ఎప్పటికీ మరిచిపోనిది కరెంటు లేని రెండో రాత్రి. ఇంటాయన మమ్మల్ని తోట చివరకు తీసుకెళ్లి టార్చి ఆపేయమన్నాడు. మొదట ఏమీ కనిపించలేదు, కప్పల అరుపు ఒక్కటే. పది నిమిషాలకు కళ్లు చీకటికి అలవాటు పడ్డాక, పడిపోయిన ఒక మాను మీద లేత ఆకుపచ్చ వెలుగు తేలింది. పుచ్చిన కట్టెను తినే శిలీంధ్రం అది. ముట్టుకుంటే చల్లగా ఉంది. నిప్పు లేకుండా వెలిగే కట్టె. రిసార్టులో డబ్బిచ్చినా దొరకనిది, ఒక్క మాట మాట్లాడకుండా నిలబడితే దొరికింది. అది చూడాలంటే జూలై, ఆగస్టుల్లోనే రావాలి. సముద్రం, కొండలు, నడక కావాలనుకునేవాళ్లు నవంబరు తర్వాత రండి. కానీ అప్పుడు చూసేది వేరే ఊరు.

అక్కడ వాన అందరికీ సంతోషం కాదని తోటలో ఉన్నాకే తెలిసింది. వానల్లో వక్క గెలలకు కొళెరోగం పడుతుంది, కాయ కుళ్లి రాలిపోతుంది. దానికి మైలుతుత్తం, సున్నం కలిపిన మందు ప్రతి గెల మీదా పడేలా కొట్టాలి. కొట్టాక కొన్ని గంటలైనా వాన ఆగాలి. ఇంటాయన రోజూ తెల్లారి వాకిట్లో నిలబడి ఆకాశం చూసేవాడు, మా నాన్న చూసినట్టే. వాళ్లూ మనలాగే కార్తెలతోనే లెక్క పెడతారు, ఆరిద్ర మళె, పునర్వసు మళె, పుష్య మళె అని. మా నాన్న పునర్వసు పోయింది ఇంకా చుక్క రాలేదని బాధపడేవాడు, ఈయన పునర్వసు పోయింది ఇంకా తెరిపివ్వలేదని బాధపడుతున్నాడు. ఒక రోజు మధ్యాహ్నం రెండు గంటలు వాన ఆగింది. ఇద్దరు మనుషులు ఆ జారే చెట్లెక్కి మందు కొట్టారు, మేం కింద పైపు అందించాం. సగం తోట అయ్యేసరికి మళ్లీ మొదలైంది. ఈ మధ్య ఏళ్లలో ఆకుమచ్చ తెగులు కూడా తోడైంది, పిల్లలు బెంగళూరు ఉద్యోగాల నుంచి తిరిగి రారని ఆయనకు తెలుసు. అతిథులను ఉంచుకోవడం కూడా అందుకే. ఆ డబ్బు లాడ్జికో రిసార్టుకో కాకుండా ఇలాంటి ఇంటికి పోవాలని నేను గట్టిగా చెబుతాను.

తిరిగి వచ్చేటప్పుడు తీర్థహళ్లి వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద తుంగ ఎర్రగా, ఒడ్డులను ఒరుసుకుంటూ పోతోంది. హోస్పేట డ్యామ్ నిండాలి, గేట్లెత్తాలి, అప్పుడు గానీ మాకు రాదు.

ఆగస్టు రెండో వారంలో ఇంటమ్మ ఫోను చేసింది. నీళ్లు మీ ఊరికి చేరాయా అని అడిగింది. చేరాయని, అమ్మను రేవుకు తీసుకెళ్లి చూపించానని చెప్పాను. "ఇక్కడ ఇంకా తెరిపివ్వలేదు, రెండో మందు కొట్టనే లేదు" అంది.