యూకేలో ఫ్రీ మేనేజ్‌మెంట్ అప్రెంటిస్‌షిప్ అంటున్నారా, సంతకం పెట్టే ముందు ఇది చదవండి

ఫ్రీగా వస్తే ఫినాయిల్ అయినా తాగేస్తావ్ అని మా అమ్మ మా నాన్నని తిడుతూ ఉండేది, నేను రెడింగ్‌లో కూర్చుని అదే పని చేశా. ఇక్కడ టీమ్ లీడ్‌గా పనిచేస్తున్న మన వాళ్ళు చాలా మంది లెవెల్ 5 ఆపరేషన్స్ మేనేజర్ అప్రెంటిస్‌షిప్ (ఉద్యోగం చేస్తూనే మేనేజర్ పని నేర్చుకునే కోర్సు) గురించి అడుగుతున్నారు కాబట్టి నాకు జరిగింది రాస్తున్నా. కోర్సు చెడ్డదని కాదు, అమ్మేవాళ్ళతోనే జాగ్రత్త.

నాది ఐటీ సర్వీస్ డెస్క్, నా కింద 14 మంది, షిఫ్టులు. 2023 అక్టోబర్‌లో హెచ్‌ఆర్ పిలిచి నీకు పైసా ఖర్చు లేదు, 7,000 పౌండ్ల ట్రైనింగ్, పదిహేను నెలల్లో అయిపోతుంది అంది. ఎగిరి గంతేశా. అసలు వాళ్ళకి అంత ప్రేమ ఎందుకో తర్వాత అర్థమైంది. ఏడాదికి జీతాల బిల్లు 30 లక్షల పౌండ్లు దాటిన కంపెనీలు లెవీ అని 0.5 శాతం కట్టాలి, ఆ డబ్బు వాళ్ళ ట్రైనింగ్ అకౌంట్‌లో అప్పట్లో 24 నెలలే ఉండేది, వాడకపోతే పోయేది. సాయంత్రం సంత ఎత్తేసేటప్పుడు మిగిలిన టమాటాలు చేతిలో పెట్టి పంపినట్టు నాకు సీటు పెట్టి పంపారన్నమాట.

ట్రైనింగ్ కంపెనీ (పేరు రాయను) సేల్స్ ఆయన కాల్‌లో, మీరు రోజూ చేసే పనే ఎవిడెన్స్ (కోర్సుకి చూపించాల్సిన రుజువు) అండీ, ఎక్స్‌ట్రా ఏమీ ఉండదు అన్నాడు. ఈ ఒక్క ముక్క ఎవరైనా మీతో అంటే అక్కడే ఆగండి. నేను చేరినప్పటి రూల్ ప్రకారం ఫుల్ టైమ్ వాళ్ళకి వారానికి సగటున 6 గంటల ఆఫ్ ద జాబ్ ట్రైనింగ్ (రోజువారీ పని పక్కన పెట్టి నేర్చుకునే టైమ్) ఉండాలి, అది జీతం వచ్చే పని గంటల్లోనే ఇవ్వాలి, ఒకవేళ మనం ఒప్పుకుని బయట చేస్తే బదులు టైమ్ ఇవ్వాలి లేదా డబ్బులివ్వాలి. (2025 ఆగస్టు నుంచి చేరేవాళ్ళకి వారం లెక్క తీసేసి కోర్సుని బట్టి మొత్తం గంటలు ముందే ఫిక్స్ చేశారు, మీ కోర్సుకి ఎన్నో అడగండి.)

నాకు ఆ 6 గంటలు కాగితం మీదే ఉన్నాయి. బుధవారం మధ్యాహ్నం వర్క్‌షాప్ అని రోటాలో బ్లాక్ చేసుకునేదాన్ని, సరిగ్గా అప్పుడే పీ వన్ టికెట్ (అన్నిటికంటే అర్జెంట్ కంప్లయింట్) వచ్చేది, మా మేనేజర్ టీమ్స్‌లో పింగ్ చేసేవాడు, ఒక చెవిలో డెలిగేషన్ మీద లెక్చర్ ఇంకో చెవిలో సర్వర్ డౌన్ అని అరుపులు, డెలిగేట్ చేద్దామంటే ఆ రోజు సిక్ లీవ్‌లో ఇద్దరు. నవ్వొస్తుంది ఇప్పుడు, అప్పుడు ఏడుపొచ్చింది. చివరికి రాసుకోవడమంతా ఆదివారాలకి పడింది, మా పాప స్విమ్మింగ్ క్లాస్ బయట కార్లో కూర్చుని రిఫ్లెక్టివ్ అకౌంట్లు (ఏం చేశాను, ఏం నేర్చుకున్నాను అనే రాతలు) టైప్ చేశా.

ఇక్కడ నేను చేసిన పెద్ద తప్పు. ట్రైనింగ్ గంటలు రాసే లాగ్‌లో లెక్క తక్కువగా కనపడుతోందని ట్రైనింగ్ కంపెనీ నాకు పెట్టిన కోచ్ ఫోన్ చేసి, ఆ ఆదివారం చేసింది గురువారం వర్కింగ్ అవర్స్‌లో చేసినట్టు వేసెయ్యండి, అందరూ అలాగే వేస్తారు అంది. వేశా. ఆ తర్వాత నాకు టైమ్ ఇవ్వట్లేదు అని కంప్లయింట్ పెడితే, మీ లాగ్‌లో గంటలన్నీ ఉన్నాయి కదా అని నా చేత్తో వేసినవే నాకు చూపించారు. దయచేసి ఎవరు చెప్పినా అబద్ధం గంటలు వెయ్యకండి, రేపు మీ చేతిలో ఉండే ఒకే ఒక్క సాక్ష్యం ఆ లాగే.

కోచ్‌ల సంగతి ఇక అడక్కండి. పదిహేను నెలల్లో ముగ్గురు మారారు. మొదటావిడ ఓకే చేసిన పోర్ట్‌ఫోలియోని (నా ఎవిడెన్స్ అంతా పెట్టిన ఫైల్) మూడో ఆయన చూసి, ఇది స్టాండర్డ్‌కి, అంటే కోర్సు అడిగే వాటికి, మ్యాప్ అవ్వలేదు, సగం మళ్ళీ రాయాలి అన్నాడు. అప్పటికి గేట్‌వేకి (చివరి అసెస్‌మెంట్‌కి రెడీ అని ఒప్పుకునే దశ) ఆరు వారాలు కూడా లేదు. పన్నెండు వారాలకోసారి మీరు, మీ మేనేజర్, కోచ్ ముగ్గురూ కూర్చునే రివ్యూ ఉంటుంది, మా మేనేజర్ మొత్తం మీద ఒక్కదానికి వచ్చాడు, అదీ కెమెరా ఆఫ్. చేరే ముందు ఆ ప్రొవైడర్‌కి (ట్రైనింగ్ కంపెనీకి) ఆఫ్‌స్టెడ్, అంటే చదువుల్ని తనిఖీ చేసే గవర్నమెంట్ సంస్థ, ఇచ్చిన రిపోర్ట్‌లో ఏముందో, ఎంత మంది పూర్తి చేస్తున్నారో చూసుకోలేదు నేను, రెండూ గవర్నమెంట్ సైట్లలో ఫ్రీగా ఉంటాయి. నేను చేరేనాటికి ఇంగ్లండ్ మొత్తం మీదే అప్రెంటిస్‌షిప్ మొదలుపెట్టిన వాళ్ళలో సగానికి కాస్త ఎక్కువ మందే పూర్తి చేస్తున్నారు. ఇది ముందే తెలిస్తే కనీసం కొన్ని ప్రశ్నలైనా అడిగేదాన్ని.

నా వల్ల కాదు, మానేస్తా అని మెయిల్ పెట్టగానే హెచ్‌ఆర్ టోన్ మారింది. మధ్యలో వదిలేస్తే ట్రైనింగ్ ఖర్చు రికవర్ చేస్తాం అని రాశారు. ఆ రాత్రి నిద్ర లేదు, మా ఆయన సేవింగ్స్ అకౌంట్ తెరిచి చూస్తున్నాడు. మర్నాడు కూర్చుని గవర్నమెంట్ ఫండింగ్ రూల్స్ మొత్తం చదివా, అందులో స్పష్టంగా ఉంది: ట్రైనింగ్‌కి, అసెస్‌మెంట్‌కి అయ్యే ఖర్చు అప్రెంటిస్ దగ్గర అడగకూడదు, పూర్తి చేసినా సరే, మధ్యలో వెళ్ళిపోయినా సరే. ఆ పేరా కాపీ చేసి పంపా. రిప్లై లేదు, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. వేరే ట్రైనింగ్‌లకి కంపెనీలు రాయించుకునే బాండ్ వేరు, ఇది వేరు, కలిపేసి భయపెడతారు.

మీ చేతికి ట్రైనింగ్ ప్లాన్ వస్తే (మీరు, కంపెనీ, ప్రొవైడర్ ముగ్గురూ సంతకం పెట్టేది అదే) అందులో గంటలు ఎన్ని అని కాదు, ఏ రోజు ఏ టైమ్, ఆ టైమ్‌లో మీ టీమ్ ఎస్కలేషన్స్ (మీ దాకా వచ్చే అర్జెంట్ సమస్యలు) ఎవరు చూస్తారు అని పేరుతో సహా రాయించండి. మా టీమ్‌లో ఇంకో అబ్బాయి, గుంటూరు వాడే, నన్ను చూసి ఇదే అడిగాడు, శుక్రవారం పొద్దున తన ఫోన్ ఇంకో లీడ్‌కి డైవర్ట్ అయ్యేట్టు రాయించుకున్నాడు, వాడిది నడుస్తోంది. సీఎంఐ (చార్టర్డ్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్) డిప్లొమా కూడా వస్తుంది అని నోటిమాటగా చెప్తే నమ్మకండి, అది కోర్సులో ఉందో లేదో రాతలో చూపించమనండి.

నేను మానెయ్యకుండా ప్రస్తుతానికి బ్రేక్ ఇన్ లర్నింగ్‌లో (కోర్సుకి తాత్కాలిక విరామం) పెట్టా. నిన్న ఒక మెయిల్ వచ్చింది, హాయ్, నేను మీ కొత్త కోచ్‌ని, మీ ప్రయాణంలో భాగమవ్వడం సంతోషంగా ఉంది అని. నాలుగో ఆవిడ. ఇంకా రిప్లై ఇవ్వలేదు.