టిఫిన్ వ్యాన్ అడుగు కుళ్లితే ఏది మేలు: మెరైన్ ప్లైయా, ఇనప చెకర్ ప్లేటా?

పాత టిఫిన్ వ్యాన్లలో ప్లైవుడ్ అడుగు ముందు పోయేది నీళ్ల డ్రమ్ము కింద, సింకు మూల, వెనక తలుపు గడప దగ్గర. పైన మ్యాట్ బాగానే కనపడుతుంది, కాలు పెడితే మెత్తగా దిగుతుంది. మ్యాట్ ఎత్తి స్క్రూడ్రైవర్‌తో పొడవండి. గట్టిగా తగిలితే అది మరకే. పుల్లపుల్లలుగా ఊడి లోపలికి దిగిపోతే పొరలు పోయినట్టు. నల్లబడ్డ చోటే ఆగకండి, గట్టి చెక్క తగిలేదాకా పొడుచుకుంటూ వెళ్లండి.

అరచేయంత మేరే అయితే, చెక్క పూర్తిగా ఎండాక ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పోసి గట్టిపరచవచ్చు. స్టవ్ ఉండే చోట, మనిషి నిలబడే చోట మాత్రం దాన్ని నమ్మలేం.

శ్రీకాకుళంలో ఏ వెల్డింగ్ షెడ్డుకి వెళ్లినా చెకర్ ప్లేటు (కాలు జారకుండా పైన గీతలు ఉబ్బెత్తుగా ఉండే ఇనప రేకు) వేసేద్దామంటారు. గట్టిదే, కాదనను. కానీ ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న 3 మిల్లీమీటర్ల ఇనప ప్లేటు ఒక్కటే 70 కిలోలు దాటుతుంది. అదే కొలతలో 12 మిల్లీమీటర్ల ప్లై సుమారు 25 కిలోలు. పాత బండికి ఆ తేడా చిన్నది కాదు. పైగా కళింగపట్నం, భావనపాడు తీరం వైపు ఉప్పుగాలి. వెల్డింగ్ అతుకు మీద పెయింటు లేచిందంటే తుప్పు మొదలైనట్టే. అన్నిటికంటే చెడ్డ పని, కుళ్లిన ప్లై తీయకుండా దాని మీదే రేకు కొట్టేయడం. లోపలి తడికి బయటికి దారి ఉండదు, కింది ఛానెళ్లు (అడుగును మోసే ఇనప పట్టీలు) కూడా తుప్పు పట్టిపోతాయి.

అల్యూమినియం షీటు తేలిక, కానీ ఖరీదు. ఇనప ఛానెల్‌కి నేరుగా తగిలితే ఉప్పు తడికి అల్యూమినియమే తినుకుపోతుంది కాబట్టి మధ్యలో రబ్బరు తప్పనిసరి.

నా ఓటు మెరైన్ ప్లైకే, అంటే నీళ్లను తట్టుకునేలా చేసిన ప్లైవుడ్‌కే. షాపులో ‘వాటర్‌ప్రూఫ్’ అన్నారని తెచ్చేసుకోవద్దు, షీటు మీద ఐఎస్ 710 (మెరైన్ ప్లైకి భారత ప్రమాణం) ముద్ర చూడండి. 72 గంటలు నీళ్లలో మరిగించినా పొరలు విడిపోకూడదన్నది దానికి పెట్టే పరీక్ష. మామూలు ప్లైకి ఉండే ఐఎస్ 303 ప్రమాణంలో ఎంఆర్ రకం (కాస్త తేమనే తట్టుకునేది) ఈ తడికి అసలు ఆగదు. బీడబ్ల్యూఆర్ రకం (మరిగే నీటిని తట్టుకునేది) కొంత నయం, అయినా నీళ్లు పడే అడుగుకు నేను వేయించను.

మంచి ప్లై కూడా అంచుల్లోంచే నీళ్లు తాగుతుంది. కోసిన ప్రతి అంచుకూ, స్క్రూ కోసం వేసిన ప్రతి రంధ్రానికీ రెండు పూతలు ఎపాక్సీ పడాలి. కింది వైపు కూడా. హడావిడిలో మేస్త్రీలు వదిలేసేది సరిగ్గా ఇదే, దగ్గరుండి చేయించండి. సగమే మారుస్తుంటే అతుకు ఛానెల్ మీద పడేలా కోయించండి, లేకపోతే బండి కదిలినప్పుడల్లా అక్కడ ఊగి సీలెంటు పగులుతుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి. పాత ప్లై తీశాక ఛానెళ్ల తుప్పు గీకించి రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే ఎర్ర ప్రైమర్) పూయించండి, మళ్లీ ఆ అవకాశం రాదు.

పని వేసవిలోనే పెట్టుకోండి. 2018లో తిత్లీ తుపాను అక్టోబరు 11న మన జిల్లా మీద పడింది, ఆ నెలలో అడుగు విప్పిన బండి బయట ఉండకూడదు. కొత్త షీటు పరిచేముందు సింకు పైపు అతుకు, పైకప్పు మూలలు, తలుపు రబ్బరు మీద బకెట్టుతో నీళ్లు పోసి చూడండి. ఎక్కడైనా కారుతుంటే ముందు అది ఆపించాకే షీటు బిగించనివ్వండి.